నాలుగు క్యాసెట్ల మల్లన్న పట్నం డీవీడీలోకి: పని డైరీ

ముడిసరుకు

ఐనవోలు దగ్గరి పల్లెలో మా బంధువుల ఇంట్లో 2007లో మల్లన్న పట్నం, అంటే దేవుడి కోసం నేల మీద రంగుపొడులతో వేసే పెద్ద ముగ్గు, వేయించారు. ఆ రాత్రంతా ఒగ్గు కథ, అంటే డోలు తాళాలతో పాడి చెప్పే మల్లన్న కథ, సాగింది. వీడియో నాలుగు మినీ డీవీ క్యాసెట్లలో ఉంది. తీసిన స్టూడియోవారు అప్పట్లోనే అంతా ఒకే డీవీడీలో కుక్కి ఇచ్చారు. అందులో పట్నం ముగ్గు గీతలు చెదిరిపోయి ఉన్నాయి. బండారు (దేవుడి పసుపు) చల్లిన చోట పసుపు దుమ్ముకు బదులు పసుపు గళ్లు కనిపిస్తాయి.

ఇలాంటి డీవీడీ చేతిలో ఉన్నవారు దాన్నే మళ్లీ కుదించి కాపీలు తీయవద్దు. ఎన్‌కోడింగులో, అంటే వీడియోను కుదించి రాయడంలో, ఒకసారి పోయిన వివరం తిరిగి రాదు. రెండోసారి కుదిస్తే ఎన్‌కోడర్ ఆ గళ్ల అంచులనే అసలు బొమ్మ అనుకుని వాటి మీద బిట్లు ఖర్చు పెడుతుంది. క్యాసెట్ దొరికితే పని క్యాసెట్ నుంచే మొదలుపెట్టాలి.

వాడినవి: టేపు ఇంకా సరిగ్గా తిప్పుతున్న పాత మినీ డీవీ కెమెరా, పాత డెస్క్‌టాప్‌లో బిగించిన ఫైర్‌వైర్ కార్డు, లైనక్స్, టేపును ఫైలుగా తీసే డీవీగ్రాబ్, వీడియోను కుదించే ఎఫ్ఎఫ్ఎంపెగ్, డీవీడీగా కట్టే డీవీడీఆథర్. పరీక్షకు ఒక పాత డీవీడీ ప్లేయర్, దానికి ఒక పాత గాజుతెర టీవీ, ఒక 40 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ. చూడాల్సిన పెద్దల ఇళ్లలో ఉన్నవి ఈ రకమే. కొత్త టీవీ ఉన్నవారికి పెన్‌డ్రైవ్‌లో వేరే ఫైలు ఇచ్చాను. ఆ సంగతి ఇక్కడ రాయడం లేదు.

ఘట్టం 1: క్యాసెట్ నుంచి కంప్యూటర్‌కు

మినీ డీవీలో బొమ్మ అప్పటికే అంకెల రూపంలో ఉంటుంది. ఫైర్‌వైర్ తీగతో తీస్తే క్యాసెట్‌లో ఉన్నది ఉన్నట్టు వస్తుంది. పసుపు, ఎరుపు, తెలుపు తీగలతో తీస్తే అది ఒకసారి అనలాగ్‌గా మారి మళ్లీ అంకెల్లోకి రావాలి. ఆ దారిలో బొమ్మకు కొత్త నుసి అంటుకుంటుంది.

1. ప్రతి క్యాసెట్‌నూ చివరిదాకా ముందుకు తిప్పి, మళ్లీ వెనక్కి చుట్టాలి. ఏళ్ల తరబడి కదలని టేపు చుట్టు సమానంగా ఉండదు.
2. హెడ్ శుభ్రం చేసే పొడి క్యాసెట్‌ను కొన్ని సెకన్లే నడపాలి. ఎక్కువసేపు నడిపితే హెడ్ అరుగుతుంది.
3. క్యాసెట్‌ను మధ్యలో ఆపకుండా ఒకే ఫైలుగా తీయాలి. ముక్కలు తర్వాత చేసుకోవచ్చు.

మూడో క్యాసెట్‌లో అక్కడక్కడా గళ్లు తేలాయి. హెడ్ శుభ్రం చేసి మళ్లీ తీస్తే గళ్లు తగ్గాయి, కానీ వేరే చోట్ల కొన్ని వచ్చాయి. రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో చెడిన ఫ్రేముల స్థానంలో రెండోదాని ఫ్రేములు అతికించాను. డీవీలో ప్రతి ఫ్రేమూ పక్క ఫ్రేముతో సంబంధం లేకుండా విడిగా నిలుస్తుంది. అందువల్ల ఈ అతుకుకు నాణ్యత ఏమీ పోదు.

అదే క్యాసెట్‌లో ధ్వని 12 బిట్లు, 32 కిలోహెర్ట్జ్‌లో ఉంది. మిగతా మూడింటిలో 16 బిట్లు, 48 కిలోహెర్ట్జ్. డీవీడీకి 48 కావాలి కాబట్టి మూడోదాన్ని విడిగా మార్చాను. ఆ తర్వాత పెదవులను కాక డోలును చూసి సరిచూశాను. కర్ర డోలు మీద పడే ఫ్రేమును, ధ్వని గీత పైకి లేచే చోటును క్యాసెట్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి పోల్చాలి. రెండు చోట్లా కుదిరితే మధ్యలో జారి ఉండదు.

ఇంతవరకు లెక్క: 232 నిమిషాలు, అంటే 13,920 సెకన్లు. మన టీవీ పద్ధతి అయిన పాల్ డీవీలో ఒక్కో ఫ్రేము 1,44,000 బైట్లు, సెకనుకు 25 ఫ్రేములు. మొత్తం సుమారు 50 జీబీ.

ఘట్టం 2: డిస్కులో నిజంగా ఉన్న చోటు

డిస్కు డబ్బా మీద 4.7 జీబీ అని ఉంటుంది. అది 470 కోట్ల బైట్లు. కంప్యూటర్ 1,024 చొప్పున లెక్కిస్తుంది కాబట్టి అదే చోటును దాదాపు 4.38గా చూపిస్తుంది. ఈ తేడా తెలియక 4.6 చూపించే ఫైలు తయారుచేసి, చివర్లో డిస్కులో పట్టక తల పట్టుకునేవారు చాలామంది. నేను బైట్లలోనే లెక్క వేశాను.

బొమ్మనూ ధ్వనినీ కలిపి కట్టేటప్పుడు పడే అదనపు భారం, మెనూ, డిస్కు అంచున వదలాల్సిన చోటు కలిపి 25 కోట్ల బైట్లు పక్కన పెట్టాను. అంచు దగ్గర రాసిన భాగాన్ని చదవడంలోనే పాత ప్లేయర్లు ఎక్కువగా తడబడతాయి.

మిగిలింది 445 కోట్ల బైట్లు, అంటే 35,600 మెగాబిట్లు.
35,600 ÷ 13,920 = సెకనుకు 2,557 కిలోబిట్లు.

ఇందులో ధ్వని వాటా తీయాలి. కుదించని పీసీఎం ధ్వనికి సెకనుకు 1,536 కిలోబిట్లు పోతాయి. మొత్తం నిడివికి అది 267 కోట్ల బైట్లు, డిస్కులో సగానికి మించి. స్టూడియోవారి డీవీడీని విప్పి చూస్తే అందులో ఉన్నది సరిగ్గా ఈ పీసీఎం ధ్వనే. పట్నం గీతల్ని తిన్నది అదే. ధ్వనిని కుదించే ఏసీ3 పద్ధతిలో 192 పెడితే ధ్వని మొత్తం 33 కోట్ల బైట్లలో ముగుస్తుంది. 128 కూడా వేసి చూశాను. మాటకు సరిపోయింది కానీ తాళాల మోత నీళ్లలో మునిగినట్టు వినిపించింది. 192లో ఆ తేడా లేదు.

ఇంతవరకు లెక్క: ధ్వని 192, బొమ్మకు మిగిలింది 2,365 కిలోబిట్లు.

ఘట్టం 3: ఒకే డిస్కు, పూర్తి ఫ్రేము

కథ చెప్పిన పెద్దాయన ఒకే డిస్కు కావాలన్నారు. మొదట ఆ ప్రకారమే చేశాను. 720×576, సగటు 2,365, రెండు విడతల ఎన్‌కోడింగ్. మొదటి విడతలో ఎన్‌కోడర్ ఎక్కడ కష్టం ఉందో చూసి పెట్టుకుంటుంది. రెండో విడతలో తేలిక చోట తగ్గించి కష్టమైన చోట పెంచుతుంది.

టీవీలో వేసి చూస్తే రెండు లోపాలు కనిపించాయి.

మొదటిది, కదలిక ముందుకు ఒక అడుగు, వెనక్కి ఒక అడుగు వేస్తున్నట్టు వణికింది. కంప్యూటర్‌లో మాత్రం బాగానే ఉంది. డీవీ టేపులో ఒక ఫ్రేముకు రెండు ఫీల్డులు, అంటే గీత విడిచి గీతగా అల్లుకున్న రెండు సగాలు, ఉంటాయి (ఈ అల్లికే ఇంటర్లేసు). కింది ఫీల్డు ముందు వస్తుంది. తయారైన ఫైలులో పై ఫీల్డు ముందని రాసి ఉంది. ఆ గుర్తు సరిచేయగానే వణుకు పోయింది. దాంతోపాటు ఎన్‌కోడర్‌లో ఇంటర్లేసు కదలిక వెతుకులాట, ఇంటర్లేసు డీసీటీ (బొమ్మను గళ్లుగా కుదించే లెక్క) అనే ఎంపికలు రెండూ వేయాలి. అవి లేకపోతే చెయ్యి ఊపిన ప్రతిసారీ దువ్వెన పళ్లలాంటి అంచుల మీద బిట్లు వృథా అవుతాయి.

రెండోది బిట్‌రేటు, అంటే సెకనుకు దక్కే బిట్ల లోపం. దాన్ని గుర్తులు మార్చి సరిచేయలేం. మూడు ముక్కలు ఒక్కో నిమిషం చొప్పున తీసి, నాణ్యతను ఒకే మెట్టు దగ్గర, అంటే క్వాంటైజర్ (అంకె పెరిగేకొద్దీ వివరం తగ్గే కొలత) 4 దగ్గర బిగించి ఎన్ని బిట్లు అడుగుతాయో కొలిచాను.

బల్బు వెలుగులో కథకుడు: సెకనుకు 3.9 మెగాబిట్లు
పట్నం వేయడం: 5.2
బండారు చల్లడం: 9.1

మన దగ్గరున్నది 2.4 కూడా లేదు. రెండు విడతల పద్ధతి ఒక చోట మిగిలింది తీసి ఇంకోచోట పెట్టగలదు. ఇక్కడ తేలికైన ముక్కే 3.9 అడుగుతోంది, తీయడానికి ఎక్కడా మిగులు లేదు.

ఆ రాత్రి పట్నం వేస్తున్న ముక్కను తెరమీద ఆపి దగ్గరగా చూశాను. ఒగ్గు పూజారి వేళ్ల సందు నుంచి తెల్లపిండి సన్నని ధారగా జారుతోంది. దాని పక్కనే కుంకుమ గీత, ఆ పక్కన పచ్చని ఆకుపొడి. టేపులో మూడు గీతల మధ్య నేల కనిపిస్తోంది. డిస్కులో కుంకుమ రంగు పక్క గీతలోకి ఒలికి, నేల మాయమైంది. పూజారి అంత ఓపికగా విడదీసి వేసిన గీతలను నా ఎన్‌కోడింగ్ కలిపేస్తే ఈ పనికి అర్థం లేదు. ఒకే డిస్కు అన్న షరతును అక్కడే పక్కన పెట్టాలనిపించింది. అయినా మిగతా దారులన్నీ కొలవకుండా పెద్దాయనతో మాట్లాడకూడదని ఆగాను.

ఘట్టం 4: చెత్త తీసివేత

కెమెరా నేల మీద పెట్టిన చోట్లు, మూత తీయకుండా నడిచిన టేపు, కరెంటు పోయి నల్లగా ఉన్న భాగం, భోజనాల వరసలో రెండోసారి తీసిన ముక్క. ఇవన్నీ తీస్తే 17 నిమిషాలు తగ్గాయి.

ఇంతవరకు లెక్క: 215 నిమిషాలు, 12,900 సెకన్లు. బొమ్మకు 2,568 కిలోబిట్లు.

పెరిగింది 203 కిలోబిట్లే. ఇంకా కోయాలంటే కథను కోయాలి. అది నా పని కాదు.

ఘట్టం 5: నుసి తీయడం

తక్కువ వెలుగులో కెమెరా తనంతట తాను గెయిన్ (వెలుగు సంకేతపు బలం) పెంచుకుంటుంది. దాంతో చీకటి గోడల మీద ప్రతి ఫ్రేములోనూ కొత్త చుక్కలు పుడతాయి. మన కంటికి అది ఖాళీ గోడే. ఎన్‌కోడర్‌కు మాత్రం క్షణక్షణం మారే బొమ్మ. బిట్లు కథకుడి ముఖానికి కాకుండా గోడకు పోతాయి.

ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని హెచ్‌క్యూడీఎన్3డీ అనే వడపోత వాడాను. దాని మామూలు విలువలు 4, 3, 6, 4.5. నేరుగా వేస్తే కదిలే చేతుల చుట్టూ నీడలాంటి జాడ వచ్చింది. ఆ వడపోత పక్కపక్క గీతలను కలిపి చూస్తుంది. ఇంటర్లేసు ఫ్రేములో పక్క గీత వేరే క్షణానిది. అందుకే ఈ వరస పాటించాలి.

1. ఫ్రేములోని రెండు ఫీల్డులను విడదీసి ఒకదాని కింద ఒకటి పేర్చాలి.
2. అప్పుడు నుసి తీయాలి.
3. మళ్లీ ఫీల్డులను యథాస్థానంలో అల్లాలి.

జాడ పోయింది. తర్వాత విలువలను సగానికి, అంటే 2, 1.5, 3, 2.25కి తగ్గించాను. అదే మూడు ముక్కలు, అదే క్వాంటైజర్ 4:

కథకుడు: 3.9 నుంచి 2.6
పట్నం: 5.2 నుంచి 4.1
బండారు: 9.1 నుంచి 7.8

కథకుడి ముక్కలో మూడో వంతు మిగిలింది, ముఖం ముడతలు కూడా అలాగే ఉన్నాయి. కానీ బండారు ముక్కలో దుమ్ము రేణువులను కూడా వడపోత నుసి అనుకుని పూసేసింది. గాలిలో లేచిన పసుపు ఒక పలచని తెరలా మారింది. అందుకే వడపోతను కథ సాగే రాత్రి భాగాలకే ఉంచి, పట్నానికీ బండారుకూ తీసేశాను. మొత్తం నిడివికి ఒకే వడపోత వేయమని చెప్పేవారి మాట వినవద్దు. ముక్కముక్కకూ చూసి వేయాలి.

ఘట్టం 6: సగం ఫ్రేము

పాల్ డీవీడీలో 720×576తో పాటు 704×576, 352×576, 352×288 పరిమాణాలు కూడా చెల్లుతాయి. వీటిలో 352×576 మన పనికొచ్చేది. వెడల్పు సగమవుతుంది, ఎత్తు అలాగే ఉంటుంది కాబట్టి ఫీల్డులు చెక్కుచెదరవు. 352×288కు దిగితే ఒక ఫీల్డు పోయి, సెకనుకు 50 అడుగులుగా కనిపించే కదలిక 25కు పడిపోతుంది. డోలు కర్రల వేగం ముందు అది తట్టుకోదు.

720లో అటు 8, ఇటు 8 తీసి 704 చేసి, దాన్ని సగం చేశాను. లేకపోతే మనుషులు కాస్త సన్నబడతారు.

2,568 కిలోబిట్లతో సగం ఫ్రేములో బండారు దృశ్యం గళ్లు లేకుండా వచ్చింది. గాజుతెర టీవీలో తేడా పట్టుకోలేకపోయాను. ఎల్‌ఈడీలో వేస్తే పట్నంలోని నిలువు గీతలు మసకబారాయి. అడ్డ గీతలు మాత్రం బాగున్నాయి.

దీనికి ఒక మధ్యే మార్గం ఉంది. ఒక టైటిల్ సెట్ (డీవీడీలో ఒక కట్టగా ఉండే వీడియో భాగం) లోపల ఫ్రేము పరిమాణం మారకూడదు కానీ, ఒకే డిస్కులో వేర్వేరు టైటిల్ సెట్లకు వేర్వేరు పరిమాణాలు ఉండవచ్చు. పట్నం వేసే 38 నిమిషాలను పూర్తి ఫ్రేములో 4,000 దగ్గర ఒక సెట్‌గా, మిగతా 177 నిమిషాలను సగం ఫ్రేములో ఇంకో సెట్‌గా కట్టాను.

పట్నం: 2,280 సెకన్లు × 4,192 = 9,558 మెగాబిట్లు
మిగిలింది: 26,042 మెగాబిట్లు ÷ 10,620 సెకన్లు = 2,452
ధ్వని పోగా సగం ఫ్రేముకు 2,260 కిలోబిట్లు

ఒకే డిస్కులో ఇంతకన్నా మంచి ఫలితం నాకు రాలేదు. ఒక సెట్ నుంచి ఇంకో సెట్‌కు దూకేటప్పుడు ప్లేయర్ ఒక క్షణం ఆగుతుంది. పట్నం ముగిసి కథ మొదలయ్యే చోట ఆ విరామం పెడితే ఇబ్బంది ఉండదు.

రెండు పొరల డిస్కు కూడా వేసి చూశాను. అందులో 850 కోట్ల బైట్లు పడతాయి, లెక్క అద్భుతంగా కుదురుతుంది. పాత ప్లేయర్ మాత్రం దాన్ని గుర్తించనే లేదు. చూడాల్సిన వారి ఇంట్లో ఆడని డిస్కులో ఎంత నాణ్యత ఉన్నా ఉపయోగం లేదు. దాన్ని వదిలేశాను.

ఘట్టం 7: కథ ఎక్కడ విరుగుతుంది

మూడు డిస్కులు, స్టూడియోవారిదీ ఒకే డిస్కువి రెండూ, పట్టుకుని పెద్దాయన ఇంటికి వెళ్లాను. వాళ్ల ఎల్‌ఈడీ టీవీలో పట్నం ముక్కే మూడుసార్లు వేశాను. మూడోది బాగుందన్నారు. అంతలో బండారు దృశ్యం వచ్చింది. దేవుడు పూనిన శివసత్తు జుట్టు మీద నిలిచిన పసుపు కనిపించడం లేదన్నారు. సగం ఫ్రేములో అది నిజమే.

“రెండు డిస్కులైతే అన్నీ కనిపిస్తాయి తాతా. కాకపోతే మధ్యలో ఒకటి తీసి ఇంకొకటి వేయాలి” అన్నాను.

“కథను సగంలో కోయకు బిడ్డా. మేడలమ్మ కల్యాణం అయ్యాక హారతి పడతాం కదా, అక్కడ ఆపు. ఆ తర్వాత కేతమ్మ కథ కొత్తగా ఎత్తుకుంటాం. అక్కడ మేము కూడా నీళ్లు తాగుతాం” అన్నారు. మేడలమ్మ, కేతమ్మ మల్లన్న భార్యలు.

లెక్క ప్రకారం నేను 107 నిమిషాల దగ్గర సమంగా విడదీద్దామనుకున్నాను. హారతి 128 నిమిషాల దగ్గర పడింది. ఆయన చెప్పినదే సరైన చోటు. రెండు డిస్కులకూ సమాన బిట్‌రేటు రాకపోయినా ఫరవాలేదు, ఎందుకంటే ఎక్కువ బిట్లు అడిగే పట్నం తొక్కుడూ (వేసిన ముగ్గును తొక్కే ఘట్టం) బండారూ రెండో డిస్కులోనే ఉన్నాయి. నిడివి తక్కువైన డిస్కుకే ఎక్కువ బిట్లు దక్కుతాయి.

మొదటి డిస్కు: 128 నిమిషాలు, 7,680 సెకన్లు. 35,600 ÷ 7,680 = 4,635. ధ్వని 192 పోగా బొమ్మకు 4,443.

రెండో డిస్కు: 87 నిమిషాలు, 5,220 సెకన్లు. 35,600 ÷ 5,220 = 6,820. డోళ్ల హోరు ఉన్న భాగం కాబట్టి ధ్వనిని 256కు పెంచాను. బొమ్మకు 6,400 చాలనుకుని అక్కడ ఆపాను.

రెండింటిలోనూ పూర్తి ఫ్రేమే. వడపోత కథ సాగే భాగాలకే.

ఘట్టం 8: తుది ఎన్‌కోడింగ్, రాయడం

1. గరిష్ఠ బిట్‌రేటు 8,000 దగ్గర బిగించాను. డీవీడీ ప్రమాణం బొమ్మకు 9,800 వరకు ఒప్పుకుంటుంది. కానీ ఇంట్లో రాసిన డిస్కు అంత వేగానికి చేరితే పాత ప్లేయర్లు తడబడతాయి. రెండో డిస్కు మొదటి ప్రతిలో 9,500 పెట్టినప్పుడు సరిగ్గా బండారు లేచిన క్షణంలోనే బొమ్మ నిలిచిపోయింది.
2. కీలక ఫ్రేముల (పక్క ఫ్రేముల మీద ఆధారపడకుండా పూర్తిగా నిలిచేవాటి) మధ్య దూరం 12 ఫ్రేములు, పాల్‌లో గరిష్ఠం 15. అధ్యాయం మొదలయ్యే ప్రతి చోటా కీలక ఫ్రేము పడేలా ముందే చెప్పాలి.
3. అధ్యాయాలను పది నిమిషాలకొకటి చొప్పున కాక, ఘట్టాల పేర్లతో పెట్టాను.
4. డీవీడీఆథర్ కట్టిన ఫోల్డరును ముందు కంప్యూటర్‌లో ఆడించి, అధ్యాయాలన్నీ దూకి చూశాను.
5. డీవీడీ మైనస్ ఆర్ డిస్కు వాడాను. పాత ప్లేయర్ ప్లస్ రకంకన్నా దీన్ని నమ్మకంగా చదివింది.
6. రాసే వేగం 4 రెట్లు. అయ్యాక డిస్కును మళ్లీ చదివించి ఫైలుతో పోల్చాను.

ఎన్‌కోడింగ్ రాత్రంతా నడుస్తుంది. రెండో విడత మధ్యలో కరెంటు పోతే మొదటి విడత నివేదిక ఫైలు మిగిలే ఉంటుంది. దాన్ని చెరపకుండా ఉంచితే రెండో విడతనే మళ్లీ నడుపుకోవచ్చు. యూపీఎస్ ఉంటే ఆ బాధా లేదు.

తుది లెక్క: మొదటి డిస్కు 454 కోట్ల బైట్లు, రెండోది 442 కోట్లు. రెండూ 470 లోపే.

ఎల్‌ఈడీలో పట్నం మూడు గీతల మధ్య నేల కనిపిస్తోంది. బండారు లేచినప్పుడు ఆపి చూస్తే వేగంగా కదిలే అంచుల్లో కొద్దిపాటి గళ్లు ఇంకా ఉన్నాయి. ఆడుతున్నప్పుడు కంటికి అందవు. గరిష్ఠాన్ని 8,000 దాటించకుండా వాటిని తీసే దారి నాకు దొరకలేదు.

గాజుతెర టీవీలే ఉన్న రెండు ఇళ్లకు ఘట్టం 6లోని ఒకే డిస్కు ప్రతిని ఇచ్చాను, వారికి డిస్కు మార్చే పని ఉండదు. మిగతావారికి జంట డిస్కులు. డిస్కు మీద కాగితం అంటించలేదు, తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకు పోతుంది. సీడీ మార్కరుతో నడిమి ఉంగరం దగ్గర “1 మేడలమ్మ”, “2 కేతమ్మ” అని రాశాను. చెత్త తీసిన డీవీ ఫైళ్లు 46 జీబీ అయ్యాయి. వాటిని రెండు హార్డ్ డిస్కుల్లో దాచాను, ఒకటి హనుమకొండలో నా దగ్గర, ఇంకొకటి పెద్దాయన మనవడి దగ్గర.